ఐదో వంతు గుర్రం

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి విజయనగరం గంటస్తంభం దాకా కుర్రకారులో ఒక కొత్త భక్తి మార్గం పుట్టింది. దేవుడి పేరు ఆక్టేన్. భక్తుడు బంకుకు వెళ్తాడు. మామూలు పంపు వైపు కన్నెత్తి చూడడు, నూరు ఆక్టేన్‌దే కొట్టించుకుంటాడు. బండి వంద సీసీ, కంపెనీ దాన్ని తయారుచేసింది 91 ఆక్టేన్‌కి. అయినా బంకు గేటు దాటకముందే ‘పికప్పు మారిపోనాది’ అనేస్తాడు. తీర్థం పుచ్చుకుంటున్నవాడిని పట్టుకుని అందులో ఉన్నది నీళ్లేనని చెప్పడం మర్యాద కాదు. అయినా ఈ పాపం ఎవరో ఒకరు చేయాలి.

ఆక్టేన్ బలం కాదు, ఓర్పు. రథసప్తమి నాడు అరసవల్లి క్యూ గుర్తు తెచ్చుకోండి. ప్రసాదం ముందునుంచి వరసగా అందుతూ వస్తుంది. వెనక నుంచి నెట్టుడు. ఉక్క. చివర ఉన్నవాళ్లు తమ వంతు రాకముందే తిరగబడితే అది తొక్కిసలాట. సిలిండర్లోనూ అంతే. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట తమదాకా రాకముందే, ఆ చివర నలుగుతున్న గాలీ పెట్రోలూ వేడికి తమంతట తామే భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటారు. ఎంత నలిగినా తిరగబడకుండా నిలబడే గుణానికి వేసే మార్కులే ఆక్టేన్: ఐసో ఆక్టేన్‌కి 100, హెప్టేన్‌కి 0. ఖాళీ క్యూలో మహా ఓర్పుమంతులను నిలబెట్టినంత మాత్రాన దర్శనం ముందుగా కాదు. నాకింగ్ లేని బండిలో నూరు ఆక్టేన్ పోస్తే జరిగేదీ అంతే. (అమెరికా వీడియోలు చూసి ‘వాళ్ల పంపులో 87, మనదే మేలు’ అని పొంగిపోయేవారికి ఒక మనవి. వాళ్లు రెండు రకాల పరీక్షల సగటు రాస్తారు. వాళ్ల 87 మన లెక్కలో ఇంచుమించు 91.)

భక్తుల్లో తీవ్రవాదులు వేరే ఉన్నారు. వీళ్లు హెడ్డుకు ఫేసింగ్ కొట్టిస్తారు, అంటే సిలిండర్ మూత అడుగు చెక్కించి లోపలి గది చిన్నది చేయిస్తారు, పెట్రోలు మరింత నలిగి బలం పెరుగుతుందని. ‘ఏటి మావా, ఎంత తీయించినావు?’ అంటే ‘కూసింతే’ అంటారు. ఈ కూసింత అనే కొలతకు మైక్రోమీటరు ఇంకా పుట్టలేదు కాబట్టి లెక్క మనమే వేద్దాం.

50 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు), 49.5 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) అంటే 97.2 సీసీ. కంప్రెషన్, అంటే లోపలిది ఎన్నో వంతుకు నలుగుతుందో ఆ లెక్క, 9.9 కావాలంటే పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు మిగిలే గది 10.9 సీసీ ఉండాలి. గది వెడల్పు బోరంత ఉందనుకుంటే, అర మిల్లీమీటరు తీయగానే ఒక సీసీ పోతుంది. మిగిలేది 9.9 సీసీ, కంప్రెషన్ 10.8. ఒక మిల్లీమీటరు తీస్తే దాదాపు 12. అర మిల్లీమీటరుకు దక్కే ఫలం? పాఠ్యపుస్తకం సూత్రం ప్రకారం సామర్థ్యం 60 శాతం నుంచి 61.4కి చేరుతుంది. ఎనిమిది గుర్రాల (హార్స్ పవర్) బండికి ఐదో వంతు గుర్రం. తోకా, ఒక గిట్టా.

ఆ తోక కోసం ఇచ్చుకోవలసినవి చూడండి. హెడ్డు కిందికి దిగింది కాబట్టి వాల్వులు పిస్టన్‌కి అర మిల్లీమీటరు దగ్గరయ్యాయి. పిస్టన్ మీద మెత్తటి క్లే అంటించి, హెడ్డు బిగించి, ఇంజన్ చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి ఆ ముద్ద మందం కొలిచేవాడు నాస్తికుడు. భక్తుడు నేరుగా కిక్కు కొడతాడు. వాల్వులను తెరిచే క్యామ్ కూడా దిగడంతో దాన్ని తిప్పే చైను వదులై, చైను బిగించే టెన్షనరు ఆ వదులు లాగేసరికి క్యామ్ టైమింగు కాస్త వెనకబడుతుంది. ఐదో వంతులో కొంత అక్కడే ఖర్చు.

మిగతాది ఘాట్ రోడ్డు తీసుకుంటుంది. మే నెల ఎండలో, వెనక బావమరిదిని ఎక్కించుకుని, సాలూరు దాటి, టాప్ గేరులోనే యాక్సిలరేటరు మొత్తం తిప్పి ముప్పైలో ఎక్కుతుంటే గాజు సీసాలో గోళీలు ఆడించినట్టు చప్పుడు. అదే నాకింగ్. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు విజయనగరం, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు పలికిన ఊరు. అలాంటి ఊరి బిడ్డ ఆ గోళీల చప్పుడు విని ‘రేసింగ్ సౌండ్’ అంటాడు.

గేరు దించితే చప్పుడు తగ్గుతుంది. దించడు. ప్లగ్గు విప్పితే తెల్ల పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు, వాటిలో మెరుస్తున్నది పిస్టన్ అల్యూమినియం. ఆ తర్వాత పిస్టన్ అంచు గుంటలు పడుతుంది, రింగుల మధ్య గట్టు విరుగుతుంది. మెకానిక్ ప్లగ్గు మంట వేసే టైమింగు రెండు డిగ్రీలు వెనక్కి జరుపుతాడు, చప్పుడు ఆగుతుంది. ఐదో వంతు గుర్రం కూడా లాయానికి వెళ్లిపోతుంది.

అప్పుడు భక్తుడు ఆక్టేన్ ఇంకా పెంచుదామని ట్యాంకులో కలరా ఉండలు వేస్తాడు. రెండు రోజులు బండి నిలబడితే కార్బురేటరులో పెట్రోలు ఆవిరై ఉండలు పలుకులుగా మిగులుతాయి. పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, జెట్టు, మూసుకుంటుంది. పెట్రోలు సరిగా అందని ఇంజను మరింత వేడెక్కి, మరింత నాక్ చేస్తుంది.

ఇంత భక్తిలోనూ ఎవరూ చేయని పూజ ఒకటుంది: కొలవడం. రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు పిస్టన్ పైన ఆపి, ప్లగ్గు రంధ్రం అన్నిటికంటే ఎత్తులో ఉండేలా బండి వాల్చి, సిరంజితో పలుచటి ఆయిల్ మరలో అడుగు చుట్టు దాకా పోయాలి. రింగుల్లోంచి జారకముందే త్వరగా. పట్టినదే మీ గది, ప్యాకింగు మందం, పిస్టన్ గుంటలు అన్నీ కలిపి. ఆయిల్ మొత్తం లాగేసి, ప్లగ్గు లేకుండా ఇంజన్ తిప్పి మిగిలినది చిమ్మించాకే కిక్కు. ఆయిల్ నలగదు. లోపల ఉండగా కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

సిరంజి మాత్రం 20 మి.లీ.ది కొనండి. 10ది తెస్తే అది ఖాళీ అయ్యాక ఇంకా కూసింత పడుతుంది. ఆ కూసింత ఎంతో మళ్లీ ఎవరికీ తెలీదు.