సవరణ: బేస్‌మెంట్‌కు లోపలి మెట్లు, కావలసిన చోటు

అమెరికాలో పాత ఇల్లు కొంటూ, బయటి తలుపు నుంచే దారి ఉన్న బేస్‌మెంట్‌కు లోపల నుంచి మెట్లు వేయించుకునేవారి కోసం ‘మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు చాలు’ అని ఇంతకుముందు రాశాను. అది పై ఫ్లోర్‌లో కోయాల్సిన రంధ్రం కొలత మాత్రమే. కింద చోటు ఇంకా కావాలి.

అక్కడ చాలా రాష్ట్రాలు అనుసరించే ఇళ్ల కోడ్ ప్రకారం మెట్టు ఎత్తు 7¾ అంగుళాలు మించకూడదు, అడుగుపెట్టే చోటు 10 అంగుళాలకు తగ్గకూడదు. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కు 9 అడుగులుంటే 14 మెట్ల ఎత్తులు, మెట్ల వరసకు దాదాపు 11 అడుగుల పొడవు. పైనా కిందా మూడేసి అడుగుల ల్యాండింగ్ (నిలబడే చదును చోటు) అదనం. తల మీద 6 అడుగుల 8 అంగుళాల ఖాళీ ఉండాలి. పాత బేస్‌మెంట్లలో పేచీ ఎక్కువగా ఇక్కడే.

జాయిస్టులు (పై ఫ్లోర్‌ను మోసే దూలాలు) ఎటు నడిచాయో కూడా తప్పక చూడండి. మెట్లు వాటి వెంబడే దిగితే సాధారణంగా రెండు మూడు కోస్తే సరి. అడ్డంగా దిగితే ఏడెనిమిది తెగుతాయి, కొత్త బీమ్, స్తంభాలు, ఖర్చు అన్నీ పెరుగుతాయి. దయచేసి ఇంటి కొనుగోలు సంతకానికి ముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించండి. పర్మిట్ నియమాలు మీ ఊరి బిల్డింగ్ ఆఫీసులో అడగండి.