టూ బై ఫోర్ అని రాస్తే చాలదు, అసలు సైజు కూడా రాయాలి

టూ బై ఫోర్ అని చెప్పి కొన్న చెక్కకి టేపు పెడితే రెండంగుళాలూ రాదు, నాలుగంగుళాలూ రాదు. ఒకటిన్నర బై మూడున్నర వస్తుంది, అంటే 38 బై 89 మిల్లీమీటర్లు. అమెరికా, కెనడాల్లో మామూలు ఇళ్ల గోడలు ఎక్కువగా ఇలాంటి చెక్కల మీదే నిలబడి ఉంటాయి, అక్కడ పనిచేసే కార్పెంటర్లకి ఈ తేడా ఎప్పుడో అలవాటైపోయింది కాబట్టి పేరు ఒకటి సైజు ఒకటి అయినా వాళ్ల పని ఆగదు. కానీ ఈ రోజుల్లో డ్రాయింగు ఒక దేశంలో గీస్తారు, చెక్క ఇంకో దేశంలో కోస్తారు, పని మూడో చోట జరుగుతుంది, ఆ అలవాటు మాత్రం డ్రాయింగుతో పాటు రాదు కదా.

అంగుళాలా మిల్లీమీటర్లా అన్న గొడవ మొదలైతే చాలామంది ఏది గొప్ప పద్ధతి అన్న దగ్గరే ఆగిపోతారు. మేము అడిగేది అది కాదు. జనం నోట్లో ఏ పేరు నలిగితే ఆ పేరుతోనే పిలుచుకోనివ్వండి, కానీ అమ్మే చెక్క మీద, షీటు మీద, బిల్లు మీద చేతికొచ్చే అసలు సైజు మిల్లీమీటర్లలో రాసి ఉండాలి. ఇంకోటి, మిల్లీమీటర్లకి మారాలనుకుంటే మొత్తంగా మారాలి, సగం మారి ఆగిపోతే రెండు వైపులా నష్టమే.

పేరుకీ సైజుకీ ఈ తేడా ఎలా వచ్చిందంటే, పచ్చి దుంగని రెండు బై నాలుగు కోశాక అది ఎండి కుంచించుకుపోతుంది, తర్వాత నాలుగు వైపులా చిత్రిక పట్టినప్పుడు ఇంకాస్త పోతుంది. అక్కడిదాకా న్యాయమే. కానీ ఎంత పోవచ్చు అన్నది చెక్క ఒక్కటే తేల్చలేదు, మనుషులు కూర్చుని తేల్చారు. అమెరికాలో 1924లో మొదటిసారి దేశం మొత్తానికి సైజుల ప్రమాణం పెట్టారు, మధ్యలో చాలాకాలం టూ బై ఫోర్ అంటే 1⅝ బై 3⅝ అంగుళాలు ఉండేది, ఇప్పుడున్న ఒకటిన్నర బై మూడున్నర 1970 ప్రమాణంతో ఖాయమైంది. పాత ఇంటి గోడలో పుచ్చిపోయిన ఒక్క చెక్క తీసి కొత్తది పెట్టినవాళ్లకి ఈ చరిత్ర చేతికే తగులుతుంది, పాతవాటి పక్కన కొత్తది ఎనిమిదో వంతు అంగుళం లోపలికి ఉండిపోతుంది, సన్న చెక్క పట్టీలు పెట్టి సరిచేసుకుంటే గానీ పైన బోర్డు సాపుగా కూర్చోదు.

లెక్కలో తేడా ఇంకా పెద్దది. అక్కడ కలపని బోర్డ్ ఫీట్‌లో లెక్కేస్తారు, ఒక బోర్డ్ ఫుట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న కలప. ఎనిమిది అడుగుల టూ బై ఫోర్‌ని పేరు ప్రకారం లెక్కేస్తే 5.33 బోర్డ్ ఫీట్, టేపు ప్రకారం లెక్కేస్తే 3.5 మాత్రమే, అంటే కాగితం మీదున్న కలపలో మూడో వంతు పైనే చేతికి రాదు. 2017లో అమెరికాలో కొందరు కొనుగోలుదార్లు ఫోర్ బై ఫోర్ అని అమ్మిన చెక్క మూడున్నర బై మూడున్నరే ఉందని ఒక పెద్ద దుకాణం మీద కోర్టుకెక్కారు, కోర్టు ఆ కేసు కొట్టేసింది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు, కానీ పక్కనే అసలు సైజు రాస్తే అమ్మేవాడికి పోయేదేముంది అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

అసలు తలనొప్పి ప్లైవుడ్ దగ్గర మొదలవుతుంది. నాలుగు బై ఎనిమిది అడుగుల షీటు అంటే సుమారు 1220 బై 2440 మిల్లీమీటర్లు, మెట్రిక్ షీటు 1200 బై 2400, చూడ్డానికి రెండూ ఒకటే. ఇప్పుడు 16 అంగుళాల దూరంలో చెక్కలు నిలబెట్టిన గోడ తీసుకోండి. మొదటి చెక్క మధ్య నుంచి షీటు మొదలుపెడితే నాలుగో చెక్క మధ్య గీత సరిగ్గా 1219.2 దగ్గర పడుతుంది, అంగుళాల షీటు అంచు అక్కడే ఆగుతుంది, పక్క షీటుకి మిగతా సగం చెక్క దొరుకుతుంది. అదే గోడకి 1200 షీటు పెడితే? చెక్క మందం 38 కాబట్టి దాని ఇవతలి అంచు 1200.15 దగ్గర ఉంటుంది, షీటు 1200 దగ్గరే అయిపోతుంది. వెంట్రుక వాసి తేడాతో షీటు చెక్కని అసలు తాకదు, మేకు కొట్టడానికి కింద ఏమీ ఉండదు. తిరగేసి చూసినా అంతే, 400 మిల్లీమీటర్ల దూరంలో చెక్కలు పెట్టి 1220 షీటు వేస్తే అంచు చెక్కని దాటి అవతలికి పోతుంది, ప్రతి షీటుకీ వెడల్పులో 20, పొడవులో 40 కోసి పారేయాల్సిందే. రెండు పద్ధతుల్లో ఏదీ తప్పు కాదు, రెండూ కలవడమే తప్పు.

మందం సంగతీ అంతే. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, కానీ అమెరికాలో ఆ పేరుతో వచ్చే ప్లైవుడ్ చాలావరకు అంగుళంలో 32 భాగాలకి 23, అంటే 18.26 మాత్రమే, మెట్రిక్‌లో 18 అని అమ్ముతారు. ముప్పావు అంగుళం బిట్‌తో గాడి కొట్టి 18 బోర్డు దూరిస్తే ఒక మిల్లీమీటరు వదులు, ఇక జిగురు ఎంత రాసినా ఆ షెల్ఫు గట్టిగా పట్టుకోదు.

ఆస్ట్రేలియా 1970ల్లో మిల్లీమీటర్లకి మారినప్పుడు బాగానే ఆలోచించింది. అంగుళాలని పాయింట్లతో సహా మిల్లీమీటర్లలోకి రాసుకుని సరిపెట్టుకోలేదు, గోడ చెక్కల సైజు 90 బై 45, 90 బై 35 అని, వాటి మధ్య దూరం 450, 600 అని కొత్త లెక్కలు పెట్టుకుంది, కలప పొడవు 300 చొప్పున పెరుగుతుంది. 1200ని రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిదితో సమంగా భాగించొచ్చు, కాబట్టి అడుగుకి పన్నెండు అంగుళాలు ఉండటం వల్ల సమంగా భాగించుకునే సుఖం అంగుళాల్లోనే ఉందన్న వాదన మాకు ఒప్పుగా అనిపించదు. బ్రిటన్‌లో పని సగంలో ఆగింది. కలప 300 లెక్కలోకి వచ్చింది, జిప్సం బోర్డు 1200 బై 2400 అయింది, చెక్కల మధ్య దూరం 400, 600 అయింది, ప్లైవుడ్ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా 1220 బై 2440 గానే వస్తుంది. ఒకే గదిలో రెండు లెక్కలు, కోత పని అంతా కార్పెంటర్ నెత్తిన. జపాన్‌లో ప్లైవుడ్ మామూలు సైజు 910 బై 1820, అది మూడు షాకులు బై ఆరు షాకులు, షాకు అంటే సుమారు 303 మిల్లీమీటర్లున్న వాళ్ల పాత కొలత, మిల్లీమీటర్లలో రాసినా లోపల నడుస్తున్నది అదే.

ఇదంతా చూశాక 1220 షీట్లని రాత్రికి రాత్రి ఆపేయాలని మేము అనం. షీట్లు నొక్కే ప్రెస్సులు ఆ సైజుకే కట్టారు, ఇప్పటికే ఉన్న కోట్ల ఇళ్లకి రిపేరుకి ఆ సైజే కావాలి. పైగా ఆ 20, 40 ఎక్కువ ఉండటం కొన్ని పనులకి లాభమే. 600 వెడల్పు పలకలు రెండు కావాలంటే 1220 నుంచి వస్తాయి, 1200 నుంచి రావు, ఎందుకంటే కోసేటప్పుడు బ్లేడు ఓ మూడు మిల్లీమీటర్లు తినేస్తుంది, ఒక్కో పలక 598 చిల్లర దగ్గర ఆగిపోతుంది. ఫర్నిచర్ చేసేవాళ్లు అంగుళాల షీటునే ఇష్టపడితే అందులో మొండితనం ఏమీ లేదు.

అందుకే మిల్లులు ప్రతి షీటు అంచు మీద పొడవు, వెడల్పు, మందం మూడూ కొలిచిన సైజు ముద్రించాలి, మందం ఎంత అటూ ఇటూ అవ్వొచ్చో కూడా పక్కనే వేయాలి. అమ్మేవాళ్లు బోర్డు మీద టూ బై ఫోర్ అని రాసుకోవచ్చు, దాని కిందే 38 బై 89 అని అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. డ్రాయింగు గీసేవాళ్లు 1220 షీటుకా 1200 షీటుకా, 18 బోర్డుకా 19 బోర్డుకా అన్నది మొదటి పేజీలోనే చెప్పాలి, కోతల లెక్కలో బ్లేడు మందం ఎంత పట్టారో కూడా రాయాలి. ప్రమాణాలు పెట్టే సంస్థలు ఇకమీదట షీటు సైజు మారిస్తే, దాన్ని మోసే చెక్కల మధ్య దూరాన్ని కూడా అదే కాగితంలో, అదే రోజు నుంచి మార్చాలి.