గట్టు మీద నడక నాకు కొత్తా?

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. కుడి కాలి బొటనవేలి గోరులో బురద ఇంకా పోలేదు. మా ఆవిడ పాత టూత్‌బ్రష్ చేతిలో పెట్టి బాత్రూంలోకి తోసింది, అరగంట తోమాను, లాభం లేదు. ఆ గోరు కనబడినప్పుడల్లా టూర్ ఏజెంటు గుర్తొచ్చి బీపీ పెరుగుతోంది. రాసి పడేస్తే తగ్గుతుందేమోనని కూర్చున్నాను.

మా అమ్మాయి దవావోలో మెడిసిన్ చదువుతోంది. "ఒక్కసారి రండి నాన్నా" అని మూడేళ్లుగా పోరుతుంటే ఈ ఫిబ్రవరిలో బయల్దేరాం. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా, ఏదో ఒకటి చూసి రాకపోతే చుట్టాలకి ఏం చెబుతాం అని, హైదరాబాదులోనే ఒక ఏజెంటుని పట్టుకుని కొండల్లో వరి పొలాల ప్యాకేజీ తీసుకున్నాం. ఆయన నాకు ఇరవై పెసోల నోటు చూపించాడు. దాని వెనక బనావే కొండ మీద మెట్లు మెట్లుగా వరి మళ్లు ఉంటాయి. "యునెస్కో సైటు సార్! వ్యాను దిగితే పొలమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఇరవై నిమిషాల్లో నడిచేస్తారు" అన్నాడు. ఈ ఇరవై నిమిషాలనీ కాస్త గుర్తుపెట్టుకోండి.

మనీలా నుంచి బనావేకి రాత్రి బస్సు, తొమ్మిది గంటల ప్రయాణం. ఏసీ సంగతి ఒక్క మాటలో చెబుతాను. మా భీమవరం నుంచి రొయ్యలు వెళ్లే కంటైనర్లో కూడా అంత చలి ఉండదు.

పొద్దున్నే వ్యూపాయింట్ దగ్గర దిగి, నోటు తీసి కొండకి ఎదురుగా పట్టుకుని ఫోటో దిగాను. యునెస్కో వాళ్లు గుర్తించింది ఇదేనా అని గైడుని అడిగితే కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. 1995లో యునెస్కో జాబితాకి ఎక్కినవి అయిదట. బటాడ్, బంగాన్, మయొయావ్, హుంగ్డువాన్, నగకడాన్. మేం చూస్తున్న కొండ అందులో లేదు. నోటు మీద ఉన్నది జాబితాలో లేదు, జాబితాలో ఉన్నది నోటు మీద లేదు. ఆ నోటు చూపించే కదా నా దగ్గర అడ్వాన్సు లాగాడు! "బటాడ్‌కి కూడా మనం వెళ్తున్నాం మామ్-సర్" అని గైడు ఓదార్చాడు. అక్కడ ఆడా మగా కలిసి కనిపిస్తే 'మామ్-సర్' అని ఒకే ముక్కలో పిలుస్తారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో మా ఇద్దరినీ అలా ఒక్కటి చేసిన పిలుపు అదొక్కటే.

రోడ్డు ఒకచోట అయిపోయింది. అక్కణ్నుంచి నడక. ఆ నడక గురించి నేను రాయను.

బటాడ్ మాత్రం చూడాల్సిందే. కొండని సగం గిన్నెలా తవ్వి, చుట్టూ అడుగు నుంచి అంచు దాకా రాతి గోడలు కట్టి, ఒక్కో గోడ వెనకా ఒక్కో మడి. కొన్ని గోడలు మనిషి కంటే ఎత్తు. మా వైపు నేల విస్తరేసినట్టు ఉంటుంది, నీళ్లు అటు పోవాలో ఇటు పోవాలో వాటికే తెలియదు. ఇక్కడ మోటారు లేదు, కాలువ నీళ్లు వదిలే లస్కరు లేడు. పైన కొండ నెత్తిన ఒక్కో కుటుంబమూ తరతరాలుగా కాపాడుకునే అడవి ముక్క ఉంటుంది, దాన్ని 'ముయోంగ్' అంటారు. ఆ అడవి పట్టి ఉంచిన నీళ్లు ఒక మడి నిండి కింద మడిలోకి, అది నిండి ఆ కింద దాంట్లోకి దిగుతూ పోతాయి. మా కాలువ శివారు రైతు చూస్తే అక్కడే కూలబడి ఏడుస్తాడు.

ఇవి రెండు వేల ఏళ్ల నాటివని అందరూ చెప్పుకుంటారు. ఈ మధ్య తవ్వకాలు చేసిన పరిశోధకులు మాత్రం అంత పాతవి కావు, స్పెయిన్ వాళ్లు వచ్చాక, అంటే ఓ నాలుగు వందల ఏళ్ల కిందట ఇక్కడ వరి మళ్లు లేచాయంటున్నారు. ఎప్పటివైతేనేం, ఇన్ని తరాలుగా పిల్లా పీచూ, ముసలీ ముతకా, నెత్తిన మోపులతో సహా ఆ గోడల మీద నడుస్తూనే ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఊళ్లోకి వెళ్లాలంటే ఆ గోడల మీదుగానే దారి. వెడల్పు ఒక చోట రెండడుగులు, ఒక చోట అడుగు. గైడు రబ్బరు చెప్పులతో, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు కూడా తనే తగిలించుకుని, వెనక్కి తిరిగి మాతో మాట్లాడుతూ నడుస్తున్నాడు. నా కాళ్లకి ఆరు వేలు పోసి కొన్న ట్రెక్కింగ్ బూట్లు. 'యాంటీ స్లిప్' అని అడుగున రాసి కూడా ఉంది.

"చెయ్యి పట్టుకో నాన్నా" అంది అమ్మాయి.

"గట్టు మీద నడక నాకు కొత్తా? గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ని" అన్నాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పుట్టింది డెల్టాలోనే, సందేహం లేదు. కానీ పదిహేనో ఏట ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కి వెళ్లినవాణ్ని మళ్లీ గట్టు తొక్కింది లేదు. అంతకుముందైనా తాతయ్యకి అన్నం క్యారేజీ ఇచ్చి రమ్మంటే పుంత రోడ్డు మీదే నిలబడి "తాతయ్యా" అని కేకేసేవాణ్ని. ఆయనే గట్టు మీద నడిచి వచ్చి తీసుకునేవాడు. ఈ సంగతి మా అమ్మాయికి తెలియదు. మా బామ్మర్దికి తెలుసు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ "తమ్ముడికి చూపిద్దాం" అని వీడియో కాల్ కలిపింది. వాడు ఊళ్లోనే ఉండి వ్యవసాయం చేస్తాడు. నేను ఫోను వైపు తిరిగి, చెయ్యి చాపి, "ఇదుగో చూడు, యునెస్కో 1995లో..." అన్నాను.

ఆ '1995లో' అన్న మాట తర్వాత ఏం జరిగిందో మెల్లగా చెబుతాను, ఎందుకంటే నాకు కూడా అది మెల్లగానే జరిగింది. ఎడమ కాలి కింద రాయి ఉంది. కుడి కాలి కింద కూడా రాయే ఉంది, కాకపోతే దాని మీద నాచు ఉంది. కుడి కాలు తన దారిన తాను బయల్దేరింది. నాకు కుడి పక్కన నీళ్లు పెట్టిన మడి, అడుగున్నర లోతులో. ఎడమ పక్కన ఏమీ లేదు. అంటే ఉంది, ఎనిమిదడుగుల కింద ఇంకో మడి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషికి ఇలవేల్పు గుర్తు రావాలి. నాకు ఆ బూట్లు అమ్మిన కుర్రాడు గుర్తొచ్చాడు. "అంకుల్, వీటితో గోడ ఎక్కేయొచ్చు" అన్నాడు వాడు. ఎక్కడం సంగతే చెప్పాడు, నిలబడడం గురించి ఏమీ అనలేదు. చేతులు రెండూ గరుత్మంతుడిలా విప్పాను. గైడు "సర్!" అన్నాడు. మామ్ లేకుండా ఉత్త సర్ అనడం అదే మొదలు. కుడి వైపుకే ఒరిగాను. అందులో నా తెలివేమీ లేదు, పొట్ట అటు తిరిగి ఉంది.

పడ్డానని అందరూ అంటున్నారు కానీ నేను పడలేదు. నిలబడే దిగాను. మోకాళ్ల దాకా నీళ్లు, బురద కలిపి, పశువుల పాకలో పాతిన గుంజలా. అలా ఉండిపోయినా పరువు దక్కేది. కుడి కాలు లాగాను, ఎడమది తొడ దాకా దిగింది. ఎడమది లాగాను, కుడిది దిగింది. ఆ మళ్లలో చాలా చోట్ల దున్నపోతు కూడా దిగదు, మనుషులే తొక్కి దమ్ము చేస్తారు. ఆ దమ్ము ఎంత బాగా చేశారో నేను లిఖితపూర్వకంగా హామీ ఇవ్వగలను. మూడోసారి బలం పెట్టి లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. ఆ ఊపుకి వెనక్కి కూర్చున్నాను. నడుము దాకా నీళ్లు. మొహానికి సరిగ్గా ఎదురుగా ఒక మొక్క కాడ, దానికి గులాబీ రంగులో గుత్తిగా నత్త గుడ్లు. 1980ల్లో పేదలకి తిండిగా పనికొస్తాయని బయటి దేశం నుంచి తెచ్చిన నత్తలట అవి. ఎవరూ పెద్దగా తినలేదు, అవే వరి తినడం మొదలుపెట్టాయి. ఆ సలహా ఇచ్చినవాడు కూడా టూర్ ఏజెంటే అయ్యుంటాడని నాకు గట్టి అనుమానం.

"ఏంటి బావా?" అని ఫోనులోంచి వినబడింది. "దాళ్వా ఊడ్పులకి రమ్మంటే సెలవు దొరకదన్నావు. అక్కడికెళ్లి ఊడుస్తున్నావా?"

మా ఆవిడ ఫోను కట్ చేయలేదు. చెయ్యి వణక్కుండా పట్టుకుంది. మా పెళ్లి వీడియో తీసినవాడి చెయ్యి కూడా అంత నిలకడగా లేదు.

ఇంతలో పక్క మడిలో వంగి నాట్లు వేస్తున్న ఒక ముసలావిడ నడుం ఎత్తి చూసింది. చేతిలో నారు కట్టతో నా దగ్గరికి వచ్చింది. నోరంతా ఎర్రగా ఉంది. వక్క, తమలపాకు, సున్నం. వాళ్లు 'మొమ్మా' అంటారు. అచ్చం మా నాయనమ్మ నోరే. ప్రాణం లేచి వచ్చింది, మనవాళ్లే అనుకున్నాను. ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టింది. నిమిషంన్నర ఆపలేదు. నారు చూపించింది, ఆకాశం చూపించింది, పైన అడవి చూపించింది, నా పొట్ట చూపించింది, మళ్లీ నారు చూపించింది. మా అమ్మాయి దవావోలో నేర్చుకున్న బిసాయా భాష ప్రయోగించింది. ఆవిడకి బిసాయా రాదు, ఇఫుగావో వచ్చు. "ఏమంటోంది?" అని గైడుని అడిగాను.

"నో ప్రాబ్లెం అంటోంది సర్" అన్నాడు.

నాకు సిగ్గేసింది. కింద చూస్తే అప్పుడే నాటిన నారు, నేను తొక్కి, కూర్చుని మొత్తం పదకొండు దుబ్బులు పాడు చేశాను. మాకు ఏడాదికి రెండు పంటలు, సార్వా పోతే దాళ్వా ఉంది. వీళ్ల పాత రకం వరి 'తినవోన్' ఏడాదికి ఒక్కసారే పండుతుంది. సరే, మనం పాడు చేసింది మనమే బాగు చేద్దామని నాలుగు పోచలు తీసి బురదలో గుచ్చాను. ఇంకో నాలుగు. ఇంకో నాలుగు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. వెనక్కి తిరిగేసరికి నేను నాటిన మొదటివి నీళ్ల మీద తేలుతున్నాయి. ఆవిడ మిగతా రెండూ పీకేసి, నన్ను చంటిపిల్లాణ్ని జరిపినట్టు భుజం పట్టి పక్కకి జరిపి, పదకొండింటినీ తనే నాటింది. ఒక్కోదానికి ఒక్క క్షణం పట్టిందేమో. బొటనవేలితో అలా నొక్కి వదిలేస్తోంది, చెదరడం లేదు.

"వేళ్లు మడిచి గుచ్చకూడదు బావా, బొటనవేలు ఆనించి దింపాలి" అని ఫోనులోంచి బామ్మర్ది క్లాసు పీకుతున్నాడు. "కాలు కూడా అలా నిటారుగా లాక్కూడదు. తాతయ్య చెప్పలేదా? అవున్లే, నువ్వు రోడ్డు మీదే ఉండేవాడివి కదా."

అమ్మాయి నా వైపు చూసింది. "రోడ్డు మీదా?" అంది.

నష్టపరిహారం ఇద్దామని పర్సు తీశాను. నోట్లన్నీ తడిసి ముద్ద. పైన ఇరవై పెసోలది, దాని మీద వరి మళ్లు, వాటి మీద వరి మడి బురద. ఆవిడ వద్దని చెయ్యి ఊపి తన మడిలోకి వెళ్లి వంగింది. మళ్లీ నా వైపు చూడలేదు.

బూటు కోసం గైడు భుజం దాకా చెయ్యి పెట్టి దేవాడు, దొరకలేదు. తన చెప్పులు నాకిచ్చి తను ఉత్త కాళ్లతో నడిచాడు, ముందుకంటే ఇంకా వేగంగా. పైకి ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. మధ్యలో ఒకచోట కూర్చుని ఏజెంటుకి ఫోన్ చేశాను.

"ఇరవై నిమిషాలన్నారు కదండీ?"

"దిగడానికి సార్. ఎక్కడం గురించి మీరు అడగలేదు" అన్నాడు, ఎంతో మర్యాదగా. సాయంత్రానికి మెసేజ్ కూడా పెట్టాడు, అయిదు నక్షత్రాలు ఇవ్వమని, కింద లింకు.

బామ్మర్ది ఆ వీడియో కాల్ స్క్రీన్‌షాట్లు పెళ్లివారి గ్రూపులో కూడా పెట్టాడు. నేను కూర్చుని ఉన్నదీ, నాటుతున్నదీ, ముసలావిడ పీకుతున్నదీ, వరసగా. కింద 'ఆదర్శ రైతు' అని రాశాడు. నలభై ఆరు మంది దండం గుర్తు పెట్టారు.

ఎడమ కాలి బూటు ఇంటికి తెచ్చుకున్నాను. చెప్పుల స్టాండులో పెడితే, ఒంటి బూటు ఎందుకు, పారేయండి అని మా ఆవిడ గొడవ. కోతలయ్యాక మడి తవ్వేటప్పుడు రెండోది దొరికితే ఫోన్ చేస్తానని గైడు నా నంబరు రాసుకున్నాడు. కోతలు జూన్, జూలైలోనట. అప్పటిదాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను.