డి వర్గం, జి వర్గం, మధ్యలో అలబామా

కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది అమెరికాలో అట్లాంటా పక్కన డొరావిల్‌లోని స్టూడియో వన్‌లో లినర్డ్ స్కినర్డ్ అనే రాక్ బృందం ‘స్వీట్ హోమ్ అలబామా’ రికార్డు చేసింది. ఆ రెండు తగాదాలూ ఇంతవరకూ తెగలేదు. మొదటిదానికి కనీసం ట్రిబ్యునళ్లు ఉన్నాయి. రెండోదానికి జార్జియాలో మా సబ్‌డివిజన్‌లో, అంటే మా ఇళ్ల కాలనీలో, ఒక గ్యారేజీ తప్ప వేరే దిక్కు లేదు.

తగాదా ఏమిటో తెలియని అదృష్టవంతులకు రెండు ముక్కల్లో చెప్తాను. ఆ పాటకు గిటార్ మీద మూడే కార్డ్‌లు (ఒకేసారి మీటే స్వరాల గుంపులు): డి, సి, జి. మధ్యలో క్షణకాలం ఎఫ్ కూడా వచ్చిపోతుంది గానీ దాన్ని మావాళ్లు లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే అది ఎవరికీ పడదు. గిటార్ కొన్న మొదటి నెలలోనే ఎవరైనా ఈ మూడూ పట్టేసుకుని, పెళ్లాం పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించేయొచ్చు. ఇక్కడిదాకా అంతా సుఖమే. అసలు టెన్షన్ ఎక్కడంటే, పాట ఏ శ్రుతిలో ఉందీ అని. డి లోనా? జి లోనా?

శనివారం సాయంత్రం గ్యారేజీ తలుపు లేస్తుంది. కార్లు బయటికి, ఆంప్లిఫయర్లు లోపలికి. పులిహోర ట్రే, బిర్యానీ ట్రే, ఒక్కొక్కటీ పాత కారు ఖరీదు చేసే గిటార్లు. ఎవరో ఒకరు ‘వన్, టూ, త్రీ’ అంటారు. రికార్డులో ఆ లెక్క చెప్పిన గొంతు గిటారిస్టు ఎడ్ కింగ్‌ది కాబట్టి మావాళ్లు దాన్ని ఆయన యాసలోనే చెప్పాలని పట్టుబడతారు. తర్వాత ‘టర్న్ ఇట్ అప్’. గాయకుడు రానీ వాన్ జాంట్ తన హెడ్‌ఫోన్‌లో సౌండు పెంచమని ఇంజినీరును అడిగిన మాట అది, పొరపాటున రికార్డులో ఉండిపోయింది. మా గ్యారేజీలో హెడ్‌ఫోన్లు లేవు, ఇంజినీర్లు మాత్రం పద్నాలుగు మంది ఉన్నారు. అయినా ఒకాయన కళ్లు మూసుకుని, గొంతు బొంగురు చేసుకుని ఆ మాట అంటాడు. వెంటనే ఎవరో నిజంగానే సౌండు పెంచుతారు. సోమవారానికి హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, నుంచి ఉత్తరం వస్తుంది.

ఆ తర్వాత పాట ఎనిమిది బార్లు, మన లెక్కలో ఆవర్తాలు, నడుస్తుంది. ఆగిపోతుంది. “అన్నా, నువ్వు జి మీద ముగిస్తున్నావేంటి?” అని డి వర్గం నాయకుడు అడిగేస్తాడు. ఇక అంతే.

డి వర్గం వాదన: పాట డి తో మొదలైంది, కాబట్టి డి యే సా. జి వర్గం వాదన: ఎక్కడ మొదలైందని కాదు బావా, ఎక్కడ కూర్చుందో చూడు. రెండు లెక్కలు డి మీద, రెండు సి మీద, నాలుగు లెక్కలు జి మీద. సగం కాపురం జి ఇంట్లో చేస్తూ అడ్రసు డి ది ఎలా ఇస్తావు? పైగా ఎడ్ కింగ్ సోలో వాయించింది జి లోనే, నిర్మాత ఆల్ కూపర్‌కు అది మింగుడు పడలేదు, అంటే ఈ తగాదా స్టూడియోలోనే పుట్టింది అని వాళ్ల ఉవాచ. కింగ్ 2018లో పోయాడు. ముఖ్యసాక్షి పోయిన కేసు ఎంత హాయిగా సాగుతుందో మన కోర్టులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మూడో వర్గం కూడా ఉంది. విజయవాడలో వర్ణాల దాకా వయొలిన్ నేర్చుకున్న ఒకాయన. డి ని సా అనుకుంటే ఇది హరికాంభోజి, జి ని సా అనుకుంటే శంకరాభరణం, ఇది కేవలం గ్రహభేదం, అంటే స్వరాలు అవే ఉండి సా మారితే రాగం మారడం, అని తెల్లబోర్డు మీద రాసి చూపించాడు. నిజమే, లెక్క సరిగ్గా సరిపోతుంది. డి, సి, జి నడకను రెండు, రెండు, నాలుగుగా విడదీసి, ఇది తలకిందులైన ఆదితాళమని కూడా తేల్చాడు. దాంతో సమస్య తీరిపోతుందని ఆయన ఆశ. తీరలేదు. డి వర్గం హరికాంభోజి వర్గంగా, జి వర్గం శంకరాభరణం వర్గంగా పేర్లు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టాయి. విజిటర్ వీసా మీద వచ్చిన ఒక నాన్నగారు “రెండింటికీ అవే స్వరాలైనప్పుడు తగువేంటి నాయనా?” అన్నారు. ఆయనకు పులిహోర ప్లేటు ఇచ్చి లోపలికి పంపించారు.

అలబామా అమెరికా దక్షిణాదిలో ఒక రాష్ట్రం. ఈ పాట రాసిన ముగ్గురిలో ఒక్కడూ అలబామావాడు కాదు. వాన్ జాంట్, గ్యారీ రాసింగ్టన్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ పిల్లలు, కింగ్ కాలిఫోర్నియా నుంచి వచ్చినవాడు. లేని ఇంటికి వస్తున్నామని వాళ్లు పాడితే, తెనాలివాళ్లు, కరీంనగర్‌వాళ్లు జార్జియాలో కూర్చుని ఆ ఇంటి కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. పెట్టుకోనివ్వండి. పాటలు అందుకే ఉన్నాయి.

నా బాధ వేరే. ఇంత పరిశోధనలో పాట మూడో చరణం దాకా వెళ్లిన సందర్భం నేను చూడలేదు. రెండో చరణంలో గాయకుడు నీల్ యంగ్ పేరు ఉంది. కెనడా నుంచి వచ్చిన ఆయన 1970లో ‘సదర్న్ మ్యాన్’, 1972లో ‘అలబామా’ పాడి అమెరికా దక్షిణాది జాతివివక్షను ఎండగట్టాడు. దానికి జవాబు ఈ పాట. ఆ తర్వాతి చరణంలో బర్మింగ్‌హామ్, అక్కడివాళ్లు ప్రేమించే గవర్నరు, వెనక నుంచి ‘బూ బూ బూ’ అనే గొంతులు. ఆ గవర్నరు జార్జ్ వాలెస్. 1963 జనవరిలో ప్రమాణ స్వీకారం చేస్తూ, తెల్లవాళ్లను, నల్లవాళ్లను విడదీసే వేర్పాటు ఈరోజు, రేపు, ఎప్పటికీ ఉంటుందని ప్రకటించిన మనిషి. జూన్‌లో నల్లజాతి విద్యార్థులు చేరకుండా యూనివర్సిటీ గుమ్మంలో నిలబడ్డాడు. సెప్టెంబరు 15న అదే బర్మింగ్‌హామ్‌లో చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. పాట వాలెస్‌ను మెచ్చుకుందా, ఎత్తిపొడిచిందా అన్నది 1974లో రికార్డు విడుదలైనప్పటి నుంచీ జనం వాదించుకుంటూనే ఉన్నారు. అదీ వాదన అంటే! పులిహోర పక్కన పెట్టి వాదించుకోవలసిన వాదన.

ఆ ప్రశ్న అడిగితే గ్యారేజీ అంతా ఒక్కటైపోతుంది. డి, జి, హరికాంభోజి, శంకరాభరణం, అందరూ. “పాలిటిక్స్ ఎందుకు అన్నా, మ్యూజిక్ ఎంజాయ్ చేద్దాం.” ఈ మాట అనే పెద్దమనుషులు అంతకు పది నిమిషాల ముందు మంగళగిరి, గచ్చిబౌలి ఎకరం ధరల మీద, ముఖ్యమంత్రుల కులాల మీద గొంతు చించుకున్నవాళ్లు. వాళ్లకు పాలిటిక్స్ పడదట!

కోరస్ పాడిన ఆ ఆడగొంతులు ఎవరివో తెలుసా? మెర్రీ క్లేటన్, క్లైడీ కింగ్. ఇద్దరూ నల్లజాతి గాయనులు. మెర్రీ క్లేటన్ మొదట పాడనన్నారు. అలబామాను స్వీట్ హోమ్ అని నేనెలా అంటాను అనుకున్నారు. ఆఖరికి పాడటమే తన నిరసన అనుకుని వెళ్లి పాడానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. ఆ పాటలో అందరికంటే ఎక్కువ ఖరీదు కట్టింది ఆవిడ. మీరు ఎడ్ కింగ్ ఏ తీగ ఏ వేలితో మీటాడో చెప్తారు, ఆయన స్ట్రాటోకాస్టర్ గిటార్ పికప్‌ల చరిత్ర చెప్తారు. ఆవిడ పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. తెలియకపోతే పోనీ. ఆవిడ పాడిన చోటు రాగానే ఒకాయన దొంగగొంతు పెట్టి, నడుము తిప్పుతూ, కనుబొమ్మలు ఎగరేస్తూ వెక్కిరిస్తాడు. మిగతావాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతారు. సిగ్గు లేదా? మన రంగు చూసి, మన యాస చూసి ఆఫీసులో ఎవడో మూతి తిప్పాడని వారమంతా కుమిలిపోయి, శనివారం సాయంత్రం ఈ పని చేస్తారా?

ఆ నడుము తిప్పే పెద్దమనిషి గిటార్ చాలా మంచిది. సగం ధరకు ఇస్తానంటే నేను కొంటాను. సోలో ఏ శ్రుతిలోనో ఆ తర్వాత ఆయన తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.