కాగితం మీద తెలుగు పీరియడ్

పదో తరగతిలో చేరినప్పటి నుంచి మా టైంటేబుల్లో తెలుగు పీరియడ్ కాగితానికే పరిమితమైపోయింది. మధ్యాహ్నం తెలుగు మాస్టారు తలుపు దాకా వచ్చేసరికి లెక్కల మాస్టారు బోర్డు మీద త్రికోణమితి మొదలుపెట్టి ఉంటారు. ఆయన ఏమీ అనలేక, పుస్తకం చంకలో పెట్టుకుని స్టాఫ్ రూము వైపు తిరిగి వెళ్ళిపోతుంటే నాకు గొంతు పట్టేసినట్టవుతుంది. తెలుగుదేముంది, పరీక్షకు వారం ముందు గైడు చదివితే చాలునంటారు. 600 మార్కులలో తెలుగుకూ లెక్కలకూ చెరి 100 మార్కులే కదా అని అడిగినందుకు నన్ను పీరియడంతా నిలబెట్టారు.

ఇది నెల్లూరు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెలుగు చేసిన తిక్కన ఊరు. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి మీదుగా రోజూ సైకిలుపై ట్యూషన్‌కు వెళ్ళే నాకు, ఆయన పద్యం ఒక్కటైనా గొంతెత్తి చదివించి, పదం విడదీసి అర్థం చెప్పే గంట బడిలో దొరకడం లేదు. ఆటల పీరియడ్ జూలైలోనే పోయింది.

"మార్కులొస్తున్నాయి గదా అబ్బయా" అంటాడు మా నాయన. గైడుతో మార్కులు వస్తాయి, నిజమే. కానీ పోయిన నెల మా అవ్వ భారతంలో ఒక పద్యం చదవమంటే, ఎక్కడ విరిచి ఊపిరి తీసుకోవాలో తెలియక నాలుగుచోట్ల ఆగిపోయాను. ఆమె నన్నేమీ అనలేదు. పుస్తకం వైపు చూడకుండానే మిగతా పద్యం తానే చదివింది.