మెయిల్ చేరనప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు?

మన వైజాగ్‌లో డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుని బయటికొస్తున్న పిల్లల ప్రొఫైళ్లు చూస్తుంటే బాధేస్తోంది. కోర్సు అయిన వారానికే పేరు కింద 'ఈమెయిల్ మార్కెటింగ్ లీడర్' అని పెట్టేస్తున్నారు. నా కోపం పిల్లల మీద కాదు, అలా పెట్టుకోమని చెబుతున్నవాళ్ల మీద. మధురవాడలో నలుగురితో గది పంచుకుని, రోజూ బస్సెక్కి ద్వారకానగర్ వచ్చి నేర్చుకునే కుర్రాడికి పని నేర్పాలి గానీ బిరుదు తగిలించి పంపడమేంటి?

నేను ఈ పని చేసే బతుకుతున్నాను. క్లయింట్ మనల్ని వెతుక్కుంటూ వచ్చేది ముఖ్యంగా ఒకే సందర్భంలో: పంపిన మెయిల్ చేరనప్పుడు. ఆ టెన్షన్‌లో ఎవరి ప్రొఫైల్లో ఏం రాసుందో ఎవరూ చూడరు. 'ఇది బాగు చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా' అని తెలిసినవాళ్లను అడుగుతారు. అక్కడ మన పేరు రావాలి.

ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు మెయిల్స్ పంపే సర్వీసు మార్చారు. అప్పటి నుంచి అడ్మిషన్ మెయిల్స్ అన్నీ స్పామ్‌లోకే. అంతకుముందు చూసినవాళ్లు సబ్జెక్ట్ లైన్లు మార్చారు, డిజైన్ మార్చారు, బిల్లు కూడా ఇచ్చారు. నేను చేసిందల్లా జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' చూడటం. ఎస్‌పీఎఫ్ దగ్గర పాస్ అని లేదు. ఎస్‌పీఎఫ్ అంటే, మన డొమైన్ (వెబ్ చిరునామా) పేరుతో మెయిల్స్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే జాబితా. డొమైన్ సెట్టింగ్స్‌లోకి వెళితే ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండున్నాయి, పాత సర్వీసుది ఒకటి, కొత్తదొకటి. ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. పాతది తీసేసి, కొత్త సర్వీసుకి డీకిమ్ కీ (మెయిల్ మన డొమైన్‌దేనని రుజువు చేసే డిజిటల్ సంతకానికి తాళంచెవి) కూడా పెట్టించాను. మెయిల్స్ మెల్లగా ఇన్‌బాక్స్‌కి రావడం మొదలైంది. ఆ సెంటరాయన 'మా బావమరిది రిసార్ట్‌కి కూడా ఓసారి చూడండి సార్' అన్నారు. మన ఊళ్లో పేరు పాకేది ఇలాగే.

ఇది చిన్న పనిలా కనబడుతుంది గానీ, 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెట్టిన నిబంధనలతో దీని విలువ పెరిగింది. జీమెయిల్ ఖాతాలకు రోజుకి 5,000 పైన మెయిల్స్ పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ రెండు పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) మూడూ ఉండాలి. ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపే ఉంచుకోమని గూగులే చెబుతోంది. అంటే ఇన్‌బాక్స్‌కి చేరిన ప్రతి వెయ్యి మెయిల్స్‌కి ముగ్గురు విసుగొచ్చి స్పామ్ బటన్ నొక్కితే చాలు, గీత దాటినట్టే.

ఇప్పుడు చెప్పండి, ఎక్సెల్ షీట్‌లో లక్ష మెయిల్ ఐడీలు కొనుక్కొచ్చి 'వీటికి కొట్టేయండి' అనే క్లయింట్‌కి ఏం జవాబివ్వాలి? 'కుదరదండీ' అనాలి. గట్టిగా అనాలి. వాళ్లెవరూ మన మెయిల్ అడగలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మనిషి సమ్మతికే పెద్దపీట వేసింది. ఆ నెల డబ్బులు పోతాయి, నిజమే. అద్దె కట్టాల్సినవాడికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ కొన్న లిస్టుకి పంపి తమ డొమైన్‌కున్న మంచి పేరు చెడగొట్టుకున్నవాళ్లే తర్వాత, ముందే వద్దన్న మనిషి నంబర్ వెతుక్కుంటారు.

ఓపెన్ రేట్ (ఎంత శాతం మంది మెయిల్ తెరిచారనే లెక్క) స్క్రీన్‌షాట్లు పెట్టి గొప్పలు చెప్పుకోవడం కూడా ఆపాలి. ఆ లెక్క పడేది మెయిల్‌లోని బొమ్మ లోడ్ అవడాన్ని బట్టే. 2021 సెప్టెంబర్‌లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ ఏర్పాటు తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మనిషి చదివినా చదవకపోయినా మెయిల్‌లోని బొమ్మలు ముందే లోడ్ అవుతాయి, లెక్కలో 'తెరిచారు' అని పడిపోతుంది. ఎంతమంది క్లిక్ చేశారు, ఎంతమంది తిరిగి రాశారు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి? క్లయింట్‌కి ఇవి చూపించండి.

ఇంకో మాట. అందరికీ అన్నీ చేస్తానంటే ఎవరికీ గుర్తుండం. మన చుట్టూ ఎన్ని వ్యాపారాలున్నాయి! అరకు హోమ్‌స్టేలు, కాఫీ అమ్మేవాళ్లు, ఏటికొప్పాక బొమ్మలవాళ్లు. బొమ్మలే తీసుకోండి. దసరాకీ సంక్రాంతికీ బొమ్మల కొలువు పెట్టే ఇళ్లున్నాయి. నిరుడు కొన్నవాళ్ల అనుమతి తీసుకుని, పండక్కి నెల ముందు, ఈ ఏడు కొలువుకి కొత్తగా చేసిన పెళ్లి మేళం సెట్ ఫొటోతో, అంకుడు కర్ర మీద లక్క రంగు ఎలా పట్టిస్తారో నాలుగు ముక్కలు రాసి పంపండి. 'భారీ తగ్గింపు' అని అరిచే మెయిల్ కంటే దానికే విలువ. ఒక్క రంగాన్ని ఇలా లోతుగా పట్టుకున్నవాడికి ఆ రంగంలో పోటీ తక్కువ. చేసిన పనిని, క్లయింట్ ఒప్పుకుంటే, ముందు ఎలా ఉంది, ఏం మార్చాం, ఏమైంది అని తెలుగులోనే రాసి పెట్టండి. మన వ్యాపారులు చదివేది తెలుగే.

ఇన్‌స్టిట్యూట్ల వాళ్లకి నా విన్నపం ఒక్కటే. చివరి వారం ప్రొఫైల్ దిద్దే క్లాసు తీసేసి, ప్రతి స్టూడెంట్ చేత ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టించండి. పిలిస్తే నేనే వచ్చి నేర్పుతాను, ఫీజు అక్కర్లేదు.