కిడ్నీని తిన్నది బిళ్ళా, షుగరా?

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. షుగర్ హద్దును 1997లో కంపెనీల కోసమే తగ్గించారట. షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ కిడ్నీలను తినేస్తుందట, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే సాక్ష్యమట. 21 రోజులు కాకరకాయ రసం తాగి బిళ్ళలు పారేయాలట. మా పెద్దనాన్న నిజంగానే పారేశారు.

1997 మాట నిజమే. పరగడుపు షుగర్ హద్దును అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 140 నుంచి 126కి దించింది. ఎందుకో మెసేజ్‌లో లేదు. 140కి చేరకముందే కొందరి కంటి రెటీనా దెబ్బతింటోందని పరిశీలనల్లో తేలింది.

ఇక మెట్‌ఫార్మిన్. కిడ్నీ బాగా పాడైనవాళ్ళకు డాక్టర్లు ఈ బిళ్ళ ఆపేస్తారు. చూసినవాళ్ళు ‘అదిగో, దానివల్లే’ అంటారు. ఇక్కడే తిరగబడింది లెక్క. ఈ మందు శరీరంలో ఏమీ మారకుండా మూత్రంలోనే పోతుంది. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 లోపుకు పడితే రక్తంలో పేరుకుని లాక్టిక్ యాసిడ్ పెరిగే ప్రమాదముంది కాబట్టి ఆపుతారు. ఏళ్ళ తరబడి కిడ్నీని కొరికేది అదుపు తప్పిన షుగరు, దానికి తోడు బీపీ. బ్రిటన్‌లో షుగర్ రోగులపై జరిగిన యూకేపీడీఎస్ పరిశోధన ఫలితాలు 1998లో వచ్చాయి. షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్ళలో కళ్ళు, కిడ్నీల సన్న రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి. అన్నట్టు, 1957 నుంచి వాడుతున్న, పేటెంటు లేని చవక మందు మెట్‌ఫార్మిన్. కుట్ర చేసేవాళ్ళు ఇంతకన్నా ఖరీదైనది చూసుకోరా?

ఉద్దానాన్ని ఇందులోకి లాగడం నాకు ఒళ్ళు మండించింది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి ఉద్దానంలోని కవిటి, సోంపేట నుంచి వచ్చే కిడ్నీ రోగులను అడగండి, చాలామందికి అసలు షుగరే లేదు. షుగర్ లేని మనిషి ఈ బిళ్ళెందుకు మింగుతాడు? అక్కడ నీళ్ళు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు, వంశం అన్నీ తవ్వుతున్నారు. ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు.

కాకర కూర నాకూ ఇష్టమే. రసం మందుకు బదులు నిలుస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. షుగర్ వెనక్కి తగ్గడం ఉంది. 2017లో వచ్చిన బ్రిటన్ ‘డైరెక్ట్’ పరిశోధన ఫలితాల్లో 46 శాతం మందికి ఏడాదికల్లా బిళ్ళల్లేకుండానే అదుపులోకి వచ్చింది. వాళ్ళంతా జబ్బు బయటపడి ఆరేళ్ళు దాటనివాళ్ళు. కొన్ని నెలలు రోజుకు దాదాపు 850 కేలరీలే తిని, వైద్యుల కనుసన్నల్లో బరువు దించుకున్నారు.

మూడో వారానికి పెద్దనాన్నకు పరగడుపున 260 వచ్చింది. బిళ్ళ మళ్ళీ మొదలెట్టారు. “రసం మానను రా” అన్నారు. “తాగండి పెద్దనాన్నా, డాక్టరుకి చెప్పి తాగండి” అన్నాను.